ఒకటి తక్కువ

టెఫ్ గింజ పక్కన పెడితే
ఆవగింజ గుమ్మడికాయలా సిగ్గుపడుతుంది.
చేతిలోంచి జారితే ఇక ఎవరూ వెతకరు.
పోయింది అనే మాటలోంచే
దానికా పేరొచ్చిందని బిషోఫ్తులో చెప్పుకుంటారు.

ఆ పోయేదాన్ని పోనివ్వకుండా
ఇరవై ఆరేళ్ళు లెక్కపెట్టింది వర్కినేష్.
నల్లగుడ్డ పరిచిన పళ్ళెం,
ఒక కోడి ఈక,
ఊపిరి పక్కకి తిప్పి వదిలే అలవాటు.
తుమ్మొస్తే లేచి వరండాలోకి పరిగెత్తేది.
ఒక్కసారి పరిగెత్తలేకపోయింది,
ఆ ఏటి నోటుబుక్కులో
ఒక కంకికి ఎదురుగా ఉత్త గీత ఉంటుంది.

కంకికో కవరు.
తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఎన్నో తరం,
చివర్న, ఎన్ని గింజలు.
ఐదేసి చొప్పున ఈకతో ఎడమకి తోస్తుంటే
పెదాలు కదిలేవి కావు,
గొంతులో ఎక్కడో అంకెలు నడుస్తుండేవి.

మార్చిలో బెకాలు స్కానరు తెచ్చి
ఆమె బల్ల మీదే పెట్టాడు,
ప్లగ్గు అక్కడొక్కటే పనిచేస్తుంది మరి.
గాజు మీద గింజలు పోసి మూత వేస్తే
అడుగునుంచి ఓ వెలుగు అటు నడిచి ఇటొస్తుంది.
తెర మీద గింజగింజకీ ఎర్రటి చుట్టు.
ఒకదాన్నొకటి ఆనుకుని ముద్దయినవాటిని
నడుము సన్నబడిన చోటు చూసి విడదీస్తుంది.
నలభై సెకన్లు.
వర్కినేష్‌కి ఒక పూట.

కొత్తదాన్ని ఊరికే నమ్ముతారా?
నాటకుండా మిగిలిన పాత కవర్లు విప్పారు.
ఆమె పన్నెండు వందల ఆరు అని రాసినచోట
అది పన్నెండు వందల ఏడు అంది.
తొమ్మిది వందల ఎనభై ఎనిమిది,
కాదు, ఎనభై తొమ్మిది.
కొన్నిట్లో అటూ ఇటూ తూలింది గానీ
కవరు తర్వాత కవరు
ఒకటి ఎక్కువ. ఒక్కటే ఎక్కువ.

బెకాలు తననే అనుమానించుకున్నాడు.
గాజు మీద గీత పడిందేమోనని గోటితో తడిమాడు.
సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్ళు
ఒకటి దగ్గర తడబడటం కొత్తేం కాదు గనక
రాసిన ప్రోగ్రామంతా రెండు రాత్రులు తిరగేశాడు.
ఖాళీ గాజుని స్కాన్ చేశాడు.
సున్నా, అంది యంత్రం. నిజాయితీగానే ఉంది.

మూడోనాడు వర్కినేష్
ఉప్పు ఏ డబ్బాలో ఉందో చెప్పినంత మామూలుగా అంది:
"మొదటిది నేను లెక్కపెట్టను.
మొదటిదాన్ని లెక్కపెడితే
మిగతావి విని పారిపోతాయని మా అమ్మమ్మ.
అందుకే రెండోదాన్ని ఒకటి అంటాను."

(నాకు నవ్వు రాలేదు.
కళ్ళంలో కుంచం ముంచి, మొదటిదాన్ని
ఒకటి అనకుండా లాభం అనే
నోళ్ళ మధ్య పుట్టినవాణ్ణి.)

పదకొండు వేల కవర్లు.
పదకొండు వేల గింజలు, ఉండీ లేనివి.
అన్నీ కలిపినా ఒక చెంచాడు కావు.
వాటివల్ల ఏ నిష్పత్తీ తలకిందులు కాదని
బెకాలు కాగితం మీద తేల్చుకున్నాడు.
అయినా పాత లెక్కలన్నీ దిద్దడానికి
ఒక వరస రాశాడు:
వర్కినేష్ అంటే ఒకటి. అన్నిటికీ కలుపు.
ఆ కేంద్రం అచ్చేసిన ఏ పత్రంలోనూ లేని పేరు
అలా ఓ అంకె అయి లోపలికెళ్ళింది.

ఇప్పుడు గింజలు గాజు మీద పోసేది ఆమే.
నిన్న మూత వెయ్యబోతూ ఆగి అడిగింది,
"ఇది ఏ వైపు నుంచి మొదలుపెడుతుంది?"
"పైన, ఎడమ మూల."
ఈక తీసి
ఆ మూలనున్న గింజని కాస్త కుడికి జరిపింది.
ఇంకోటి మొదటిదయింది.
దాన్నీ జరిపింది.
మరోటి.

బెకాలు గడియారం వంక చూడలేదు.
అంతలో కరెంటు పోయింది.